వంతెన గదిలో పిల్లి

"వచ్చిన పడవలోనే దాన్ని వెనక్కి పంపించెయ్" అని జుహురా నడివీధిలో నిలబడి, అరుగుల మీద కాఫీ తాగుతున్న మగవాళ్లందరూ వినేలా మరదలితో అనేసి, తన వీధి తలుపు ధడాలున వేసుకున్న చోట పిల్లి గొడవ ఆగింది. మరదలు సోమోయే ఆ మాట పట్టించుకోలేదు. పిల్లిని పంపించనూ లేదు.

ఆ పిల్లిని ఇంటికి తెచ్చింది సోమోయే భర్త అత్మాన్. పడవలు బాగుచేసే వడ్రంగి. మడ దుంగల సరుకుతో రేవుకొచ్చిన ఒక తెరచాప పడవలో, దుంగల సందున ఇరుక్కుపోయి, అరిచే ఓపిక లేక నోరు మాత్రం తెరుస్తున్న ఆడపిల్లిని పనిముట్ల సంచిలో పెట్టుకుని పట్టుకొచ్చాడు. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి గడ్డం, ఎముకల మీద కప్పిన తోలు. మడ దుంగని మా వైపు బోరితి అంటారు. దుంగల్లో దొరికి, దుంగలాగే బిగుసుకుపోయి ఉంది కనక దానికదే పేరయింది.

పశువుల వైద్యం చేసే క్వాంబోకా డాక్టరమ్మ దాని ముంగాలి నుంచి కాస్త రక్తం తీసి పరీక్ష పట్టీ మీద వేసింది. ఒక గీత ముదురుగా పడింది. పక్కన రెండో గీత ఉందా లేదా అన్నంత లేతగా వచ్చింది. రెండో గీత అంటే పిల్లుల లుకేమియా.

"ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. రెండు నెలలాగి మళ్లీ చూద్దాం. కొన్ని పిల్లులు తమంతట తామే దాన్ని తరిమేస్తాయి," అంది డాక్టరమ్మ. "మనుషులకి రాదు. గాడిదలకి రాదు. పిల్లి ఉమ్ములోంచి ఇంకో పిల్లికి పోతుంది. ఒకే కంచంలో తినడం, ఒకదాన్నొకటి నాకడం, అలా కలిసి తిరుగుతూ ఉంటే. అందాకా దీన్ని వేరే పిల్లుల దగ్గరికి పోనివ్వకండి."

వేరే పిల్లి లేని చోటు మా లాము దీవిలో వెతకడమంటే సముద్రంలో ఉప్పు లేని బిందెడు నీళ్లు వెతకడమే. చివరికి వంతెన గది గుర్తొచ్చింది.

వీధికి ఇటు అత్మాన్ ఇల్లు, అటు అతని అక్క జుహురా ఇల్లు. రెండు మేడలనీ కలుపుతూ వీధి మీదుగా కట్టిన గది అది. దాని కింద నుంచి గాడిదలు ఇసుక బస్తాలు మోసుకుని పోతుంటాయి. ఇటొక తలుపు, అటొక తలుపు. అక్కాతమ్ముళ్లు వానలో తడవకుండా ఒకరింటికొకరు పోవాలని వాళ్ల నాన్న కట్టించాడు. మూడేళ్లుగా మాత్రం అటు తలుపుకి గడియ పడే ఉంది. సోమోయే తన కూతురి పెళ్లిలో హల్వా కలిపే పని వదినకి చెప్పకుండా బయటివాళ్లకి అప్పగించిన నాటి నుంచి. ఊళ్లో ఏ పెళ్లయినా జుహురా గరిటె పడితేగాని హల్వా కాదనుకునే రోజుల్లో, సొంత తమ్ముడి ఇంట్లో అలా జరిగింది. జుహురా ఆ పెళ్లికి వచ్చింది, అన్నం తింది, హల్వా ముట్టుకోలేదు, ఇంటికి పోయి గడియ వేసుకుంది.

వంతెన గది బోరితికి నచ్చింది. కిటికీ చెక్కల సందుల్లోంచి కింద పోయే గాడిదల చెవులు చూస్తూ పడుకునేది. సోమోయే వంట పని అయ్యాక ఒక పాత గౌను తొడుక్కుని ఆ గదిలోకి వెళ్లేది. బయటికి రాగానే గౌను విప్పేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. పిల్లి నోటినిండా పుళ్లు. అందుకని ఉప్పు, కారం, పసుపు ఏమీ వేయకుండా చేప ఉడికించి, ముల్లు లేకుండా చిదిమి, అందులో మందు కలిపి, వేలితో తీసి దాని పెదవికి రాసేది. మొదట్లో అది నాకను కూడా నాకలేదు. తల పక్కకి తిప్పుకుని గోడకేసి చూసేది. అప్పుడు సోమోయే టోపీ కుట్టుకుంటూ పక్కన కూర్చునేది. మగవాళ్లు నమాజుకి పెట్టుకునే తెల్ల టోపీలు. పట్టుదారంతో సన్నటి కన్నాలు కుట్టుకుంటూ పోతే ఒక్క టోపీకి నెలలు పడతాయి. తొందరపడితే పాడయ్యే పని. ఆ అలవాటు పిల్లి దగ్గర పనికొచ్చింది.

ఒకరోజు అది నాకింది. మరికొన్నాళ్లకి గిన్నె దగ్గరికి తనే నడిచొచ్చింది. పాలిపోయిన చిగుళ్లలోకి కొంచెం ఎరుపు తిరిగింది. ఆ పై వారం సోమోయే ఒళ్లోకెక్కి, కుడుతున్న టోపీ మీదే చుట్టుకుని పడుకుంది. ఆ మధ్యాహ్నమంతా సోమోయే కుట్టు ముట్టుకోలేదు. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. సాయంత్రం అత్మాన్ వచ్చి, "అన్నం పెడతావా, పిల్లి నిద్ర లేచాక రమ్మంటావా?" అని గుమ్మంలోంచి అడిగితే, "మహమ్రీలు బుట్టలో ఉన్నాయి, నువ్వే తీసుకో," అని గుసగుసగా చెప్పింది. అత్మాన్ గుమ్మంలోనే కూర్చుని, తియ్యటి రొట్టె నములుతూ, భార్యనీ పిల్లినీ చూస్తూ ఉండిపోయాడు. కూతురు అత్తారింటికి వెళ్లాక ఆ ఇంట్లో అంత హాయిగా గడిచిన సాయంత్రం అదే.

అయితే ఒక సంగతి సోమోయేకి అంతుపట్టలేదు. తను పెట్టే గిన్నెలో సగం అలాగే మిగులుతోంది. పిల్లి మాత్రం బరువెక్కుతోంది.

తర్వాత పిల్లి గడ్డం పసుపు రంగులో కనిపించింది. సోమోయే తడిగుడ్డతో తుడిచి వాసన చూసింది. చేపల చారు వాసన, పసుపు వాసన. తను దాని తిండిలో పసుపు ఎన్నడూ వేయలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక, వీధి వీధంతా కునుకు తీసే వేళ, వంతెన గదిలోకి వెళ్లి తన వైపు తలుపు వేసుకుని, మూలన చాప మీద చప్పుడు చేయకుండా కూర్చుంది.

అటు తలుపు గడియ జరిగింది. చప్పుడు రాలేదు. ఎవరో దానికి నూనె పెట్టి ఉంచారు.

జుహురా లోపలికి వచ్చింది. అరవై దాటిన మనిషి, భారీ శరీరం, మోకాళ్ల నొప్పులు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో నీలం అంచు కంచం పట్టుకుని, "ఏదే, ఎక్కడున్నావే ఎముకల మూటా? ఇవాళ కొబ్బరిపాలు కూడా పోశాను, వంకలు పెట్టకుండా తిను," అంటూ వంగబోయి, మూలనున్న మరదల్ని చూసి ఆగిపోయింది.

ఒకరినొకరు చూసుకున్నారు. బోరితి మాత్రం తోక నిక్కించుకుని కంచం దగ్గరికి పరిగెత్తింది.

"ఏంటలా చూస్తావ్?" అంది జుహురా. మూడేళ్ల తర్వాత ఆ గదిలో మరదలితో ఆమె అన్న మొదటి మాట అది. "ఈ గది సగం నాది. నా సగంలో నేను నిలబడ్డాను."

"సగం మీదే వదినా. పిల్లి మొత్తం నాది."

"నీదైతే తిండి పెట్టు. ఉప్పు లేని ఉడుకు నీళ్లు పోస్తే ఎవరు తింటారు? జబ్బు మనిషి కూడా కంచం ముందు నుంచి లేచి వెళ్తాడు."

"దాని నోట్లో పుళ్లున్నాయి."

"పుళ్లకి పసుపు మంచిదే. నీకు తెలీదు, మీ అమ్మ నేర్పలేదు."

"మా అమ్మని ఎందుకు లాగుతారు? వీధిలో నిలబడి దాన్ని పడవెక్కించమన్నారు మీరు. మగాళ్లందరూ విన్నారు."

"అన్నాను. నా ఇంట్లో నాలుగు పిల్లి ప్రాణాలున్నాయి, వాటికేమైనా అయితే ఎవరు చూస్తారు? అన్నాను." జుహురా కంచం కింద పెట్టి, గోడకి ఆనుకుని మెల్లిగా కూర్చుంది. "తర్వాత అది తలుపు గీకింది. గోళ్లతో కాదు, అంత బలమెక్కడిది. మెత్తటి పాదంతో. ఎవరూ తీయకపోయినా గీకుతూనే ఉంది. ఇంటివాళ్లం మనకి మాటల్లేవని దానికేం తెలుసు? ఒకసారి తీశాను. తీశాక మళ్లీ ఎలా వేస్తావ్?"

సోమోయేకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. రెండూ దాచుకుందామని తల దించింది. అప్పుడామె కళ్లు కంచం మీద పడ్డాయి.

"వదినా, ఆ నీలం అంచు కంచం ఎవరిది?"

జుహురా కంచం అంచుని చేత్తో కప్పబోయింది.

"లివాలి కంచం కదా ఇది?"

లివాలి అంటే జుహురా మగపిల్లి. పూర్వం ఈ తీరాన్ని ఏలిన అధికారుల్ని అలా పిలిచేవారు. ఆ పేరుకి తగ్గట్టే అది వీధి మధ్యలో కూర్చుంటే గాడిదలు పక్కకి తప్పుకుని పోయేవి. జుహురా భర్త పోయిన ఏడు పిల్లగా ఇంటికొచ్చింది. ఆ నాటి నుంచీ ఆమె దిండు మీదే పడుకుంటుంది.

"కడిగే పెడుతున్నాను," అంది జుహురా నెమ్మదిగా. "సబ్బుతో."

"ప్రతిసారీ?"

జుహురా మరదలి ముఖంలోకి చూసి, చూపు కిటికీ వైపు తిప్పుకుంది. ప్రతిసారీ కడగడంలేదని సోమోయేకి అర్థమైంది. కోపం రావాల్సిన చోట భయం వచ్చింది, భయం వెనకాలే జాలి వచ్చింది. ఈ మనిషికి ఆ పిల్లి తప్ప ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరున్నారు?

"డాక్టరమ్మ ఎల్లుండి వస్తుంది, దీనికి రెండో పరీక్ష చెయ్యడానికి. మీ నాలుగింటికీ కూడా చేయిద్దాం వదినా."

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

"ఉందంటే?" అంది జుహురా. "ఉందంటే నేనేం చెయ్యాలి? తెలీకపోతే అది నా లివాలి. తెలిస్తే అది జబ్బు పిల్లి. నాకొద్దు."

"తెలిస్తే బాగా చూసుకుంటాం. దీన్ని చూడండి. ఎలా వచ్చింది, ఎలా ఉంది? నేనొక్కదాన్నే చేశాననుకుని మురిసిపోయాను. సగం మీ చేతి చారు. మీ చేత్తో చేస్తే బతకనిదంటూ ఉంటుందా?"

జుహురా పెదవులు బిగించింది. పిల్లి కంచం ఖాళీ చేసి, ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది. కింద ఎవరో గాడిదని అదిలించుకుంటూ పోయారు.

"నా చేయి అంత మంచిదైతే," అంది జుహురా చివరికి, "నీ కూతురి పెళ్లికి ఎందుకు పనికిరాలేదు?"

ఈ ప్రశ్న కోసం సోమోయే మూడేళ్లుగా ఎదురుచూస్తోంది. ఎన్నో జవాబులు తయారుచేసి పెట్టుకుంది. ఇప్పుడు వాటన్నిటినీ పక్కన పెట్టేసింది.

"మీ మోకాళ్లు," అంది. "అంతకు ముందు వారమే మీరు మేడ మెట్ల మీద కూర్చుండిపోయారు. అంత పెద్ద బాణలి ముందు పూటంతా నిలబడి కలపాలి. మీరు వద్దనరు, నాకు తెలుసు. పడిపోయినా కలుపుతారు. అందుకని అడగలేదు."

"అడిగి చూడాల్సింది."

"అడగాల్సింది."

"కుర్చీ వేసుకుని కూర్చుని, ఎలా కలపాలో చెప్పేదాన్ని. ఆ అమ్మాయిలు చేసింది హల్వానా? పళ్లకి అంటుకుపోయిందట, అందరూ చెప్పారు."

"అంటుకుపోయింది," సోమోయే ఒప్పుకుంది. "పెళ్లికొడుకు మేనమామ కట్టుడు పళ్లు ఊడొచ్చాయి. ఎవరూ చూడకుండా మీ తమ్ముడు తీసి జేబులో వేసుకున్నాడు."

జుహురా ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని సోమోయే కంగారుపడి దగ్గరికి జరిగితే, నవ్వుతోంది. నోరు మూసుకుని, పొట్ట పట్టుకుని, చప్పుడు రాకుండా నవ్వుతోంది.

"ఎల్లుండి ఎన్నింటికొస్తుంది ఆ డాక్టరమ్మ?" అంది కళ్లు తుడుచుకుంటూ.

క్వాంబోకా డాక్టరమ్మది సముద్రానికి దూరంగా ఉన్న ఎగువ ప్రాంతం. మా భాషని ఆమె మాట్లాడే యాస విని వీధిలో ఆడవాళ్లు ముసుగు అంచు చాటున నవ్వుకుంటారు. ఆమెకీ తెలుసు, ఆమే ముందు నవ్వేస్తుంది. పెద్ద ఆడవాళ్లని గౌరవంగా 'బీ' అని పిలుస్తుంది. అనుకున్న రోజున పొద్దున్నే వచ్చి, సోమోయే ఇంటి మేడ మీద చాప పరిచి కూర్చుంది. జుహురా మూడు పిల్లుల్ని మూతబుట్టల్లో, లివాలిని చంకలో పెట్టుకుని వీధి దాటి వచ్చింది. పట్టుకునే పని అత్మాన్‌ది. మొదటి పిల్లికే అతని మణికట్టు మీద రక్తం వచ్చింది.

"నాది కూడా పట్టీ మీద వెయ్యండి డాక్టరమ్మా, వృథా పోతుంది," అన్నాడు.

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో," అంది అక్క.

మూడు ఆడపిల్లులకీ ఒక్కొక్క గీతే వచ్చింది. జుహురా ముఖం విప్పారింది. లివాలిని తనే ఒళ్లో పట్టుకుని, తనే దాని కాలు చాపించింది. అది రాజులా కూర్చుని సూది గుచ్చనిచ్చింది. డాక్టరమ్మ చుక్క వేసి, మందునీళ్లు వేసి, పట్టీని చాప మీద పెట్టింది.

రెండు గీతలు వచ్చాయి. రెండోది లేతగా లేదు.

"పట్టీ పాడైపోయుంటుంది," అంది జుహురా.

డాక్టరమ్మ కొత్తది తీసి, మళ్లీ వేసింది. మళ్లీ రెండు వచ్చాయి.

"బోరితి అంటించిందా?" అంది జుహురా. గొంతులో కోపం లేదు. "నా కంచం వల్ల వచ్చిందా?"

"చెప్పలేను బీ జుహురా. నాకైతే అలా అనిపించడంలేదు. వీధిలో దెబ్బలాడిన చెవులివి, ఈ మచ్చలు చూడండి. ఎన్నేళ్ల కిందటో ఏదో కాటులో వచ్చుంటుంది. అంటే ఇన్నేళ్లూ మీ దిండు మీద ఈ జబ్బుతోనే పడుకున్నాడు. మీకూ తెలీదు, వాడికీ తెలీదు." డాక్టరమ్మ లివాలి పెదవి పైకెత్తి చూపించింది. "చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. బరువు నాకంటే ఎక్కువేమో. మీరు పెట్టిన తిండి, మీరు చూసిన చూపు. అలాగే పెట్టండి, అలాగే చూడండి. బయట దెబ్బలాటలకి పోనివ్వకండి. ఎన్నాళ్లుంటాడో నేను చెప్పను, ఇంకా చాన్నాళ్లు ఉండొచ్చు. మిగతా మూడింటినీ వేరే ఉంచండి. టీకా దొరుకుతుందేమో మొంబాసాలో అడుగుతాను."

జుహురా లివాలిని రెండు చేతులతో ఎత్తుకుని లేచింది. సాయం చేయబోయిన తమ్ముణ్ణి మోచేత్తో తోసింది. "వాడి భోజనం వేళయింది," అని మెట్లు దిగి వీధిలోంచి ఇంటికి వెళ్లిపోయింది. ముగ్గురూ ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా విన్నారు.

సోమోయే బోరితిని తెచ్చింది. అది కొద్దిగా గింజుకుంది, రక్తం ఇచ్చింది, దించగానే తిన్నగా తన గదిలోకి పరిగెత్తి పోయింది. సోమోయే దాని వెనక తలుపు చేరవేసి వచ్చింది. పట్టీ చాప మీద ఉంది. అత్మాన్ కాఫీ పోశాడు, ఎవరూ తాగలేదు.

అప్పుడు వంతెన గది తలుపు తెరుచుకుంది. జుహురా అటు నుంచి వచ్చింది. మూడేళ్లలో మొదటిసారి, అందరూ చూస్తుండగా, వాళ్ల నాన్న కట్టించిన దారిలో. చేతిలో మూతపెట్టిన పళ్లెం.

"వాడు బాగానే తిన్నాడు," అంది. ముఖం కడుక్కున్నా కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తాను? నిన్న హల్వా చేశాను. తినండి. పళ్లకి అంటుకోదు."

అత్మాన్ లేచి, అక్క చేతిలో పళ్లెం అందుకుని, ఆ చేయి వదలకుండా కాసేపు పట్టుకున్నాడు. సోమోయే తలుపు మళ్లీ చేరవేసి, తన పక్కన చాప సర్దింది. జుహురా కూర్చుంటూ మరదలి భుజం మీద బరువంతా వేసింది. అలా నలుగురూ పట్టీ చుట్టూ చేరి, వేళ్లకి నెయ్యి అంటుకునేలా హల్వా తిన్నారు. ఏలకుల వాసన, జాజికాయ వాసన. డాక్టరమ్మ రెండో ముక్క అడిగి తీసుకుంది.

ఆ తర్వాత ఆమె పట్టీ తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. సోమోయే చేతికిచ్చింది. "మీరూ చూడండి. నా కళ్లు సరిపోవు."

ఒకటే గీత. సోమోయే అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒకటే.

"అల్హందులిల్లా," అని ముందు అన్నది జుహురా. సోమోయే ఆమె భుజంలో ముఖం దాచుకుంది.

"ఇంకోసారి రక్తం నైరోబీ పంపిద్దాం, అనుమానం ఉండకుండా," అంది డాక్టరమ్మ. "కానీ ఒక్క మాట. ఇన్నాళ్లూ మీ వైపు పిల్లుల కోసం ఆ గది మూసి ఉంచాం. ఇకమీదట బోరితి కోసం మూయాలి. లివాలి ఇటు రాకూడదు. మీ వైపు గడియ ఎప్పుడూ వేసే ఉండాలి బీ జుహురా. ఇందాక తలుపు మూసే వచ్చారు కదా?"

జుహురా చేతిలో హల్వా ముక్క అలాగే ఉండిపోయింది.

రెండు చేతుల్లోనూ పళ్లెం పట్టుకుని వచ్చింది ఆమె. ఆ దారిన ఆమె రావడమే అందరికీ అంత సంతోషమైతే, వెనక తలుపు సంగతి ఎవరడుగుతారు?

సోమోయే అందరికంటే ముందు వెళ్లి తలుపు తీసింది. కిటికీ పక్కన ఎండ పడ్డ చోట బోరితి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. లివాలి దాని మెడ మీద ముంగాలు వేసి, నుదురు నుంచి ముక్కు దాకా, ముక్కు నుంచి గడ్డం దాకా తీరిగ్గా నాకుతున్నాడు. బోరితి గుర్రుమంటున్న చప్పుడు గుమ్మం దాకా వినబడుతోంది. కొత్తవాళ్లని చూస్తే గోడ మూలకి పోయే పిల్లి, తల ఇంకొంచెం పైకెత్తి మెడ కూడా అందించింది.

డాక్టరమ్మ సోమోయే వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బీ జుహురా," అంది మెల్లిగా, "ఇవి రెండూ కలుసుకోవడం ఇదే మొదటిసారా?"

జుహురా డాక్టరమ్మ వైపు చూడలేదు. సోమోయే వైపు చూసి, మొదటిసారి కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.